నిమిషానికి పద్నాలుగు

ఆ రోజు పొద్దున్న టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికల్లా కొత్తగా కొన్న పాత ఇంటికి వెళ్ళాలి. తలుపులకూ కిటికీలకూ కొలతలు తీయాలి. ఆ కాగితం వడ్రంగికి ఇచ్చేసి పదింటికల్లా కొట్టు తెరవాలి. ఇరవై ఆరేళ్ళుగా మనుషుల్ని కొలుస్తున్నవాడికి కదలకుండా నిలబడే ఇంటిని కొలవడం ఒక లెక్కా? మనిషైతే టేపు చూడగానే పొట్ట లోపలికి పీలుస్తాడు, ఊపిరి బిగబడతాడు. ఇంటితో ఆ బాధ ఉండదనుకున్నాడు పాపం.

ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. పాత ఇల్లు కొని, బాగుచేసి, అమ్మి చూడు అనలేదు. ఎందుకంటే ఆ పెద్దలకు ఇలాంటి బావమరిది లేడు. టైలరు భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు ఇతను. ఏం చెప్పినా "ప్లాను ఏంటంటే" అని మొదలుపెడతాడు కాబట్టి తెలిసినవాళ్ళంతా అతణ్ణి ప్లాను అనే పిలుస్తారు. ఇళ్ళ మీద పెట్టుబడి పెట్టడం ఎలాగో నేర్పే మూడు రోజుల తరగతికి వెళ్ళి ఒక సంచి, ఒక పెన్ను, బోలెడంత ధైర్యం తెచ్చుకున్నాడు. సంచీ పెన్నూ తన దగ్గరే ఉంచుకుని, ధైర్యం మాత్రం అక్కాబావలకు పంచిపెట్టాడు.

"ప్లాను ఏంటంటే బావా, ఎవరికీ అక్కర్లేని ఇల్లు చవగ్గా కొనాలి. మూడు నెలల్లో బాగుచెయ్యాలి. అందరికీ కావాలనిపించేలా చేసి అమ్మాలి. అంతే!"

"ఎవరికీ ఎందుకు అక్కర్లేదో ముందు కనుక్కోవాలా వద్దా?" అంది అక్క.

"ఆ పాఠం నాలుగో రోజంట అక్కా. నేను వెళ్ళింది మూడు రోజుల తరగతికి."

మామూలు రోజుల్లో అయితే టైలరు ఈ మాటలకు నవ్వి ఊరుకునేవాడు. కానీ ఇవి మామూలు రోజులు కావు. భార్యాభర్తలిద్దరూ అద్దెకు ఉంటున్న కొట్టు గదిని అమ్మేస్తానని యజమాని చెప్పేశాడు. ముందు హక్కు మీదే, డిసెంబరు ముప్పై ఒకటి దాకా ఆగుతాను, ఆ తర్వాత ఫోన్లు అమ్మేవాడికి ఇచ్చేస్తాను అన్నాడు. ఆ గదిలోనే వాళ్ళు మొదటి చొక్కా కుట్టారు, ఆ గదిలోనే ముసలివాళ్ళవుదామనుకున్నారు. దాచుకున్నది గది కొనడానికి చాలదు. పాత ఇల్లు కొనడానికి చాలుతుంది. ఆ ఇల్లు మంచి ధరకు అమ్ముడుపోతే గది దక్కుతుంది. అమ్ముడుపోకపోతే రెంటికీ చెడ్డ రేవడి బతుకే.

ఇల్లు ఒక సందు చివర ఉంది. పదేళ్ళుగా మూసి ఉంది. మునుపటివాళ్ళు హడావుడిగా వెళ్ళిపోయారట. వంటింటి తొట్టిలో కడగని కప్పులు రెండు అలాగే ఉన్నాయి. ముందు గదిలో బరువైన చెక్క కుర్చీలు నాలుగు, నాలుగూ పడమటి గోడకేసి తిరిగి ఉన్నాయి. ఆ గోడ మీద పటం లేదు, కిటికీ లేదు, మేకు కూడా లేదు. ఖాళీ గోడను చూడటానికి నాలుగు కుర్చీలెందుకో టైలరుకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికా లేదు. మెడలో టేపు తీసి వీధి గుమ్మం కొలిచాడు. వెడల్పు ముప్పై అయిదు అంగుళాలు, ఎత్తు డెబ్భై ఎనిమిది. రాసుకుంటున్నప్పుడు వెనకాల ఎవరో నిలబడ్డట్టు అనిపించి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. మళ్ళీ కాగితం వైపు తిరిగాడు కానీ, వీపు మాత్రం వెనక్కే చూస్తున్నట్టు ఉంది.

కొట్టు మూస్తే పూట గడవదు కాబట్టి భార్యాభర్తలు వంతులు వేసుకున్నారు. పొద్దున్న ఆయన ఇంటి పని చూస్తే ఆవిడ కొట్టులో కూర్చుంటుంది. మధ్యాహ్నం నుంచి ఆవిడ ఇంటికీ, ఆయన కొట్టుకూ. కొట్టులో కూడా వాళ్ళ పనులు వేరు. చొక్కాలూ ప్యాంట్లూ ఆయనవి, ఆడవాళ్ళ బట్టలు ఆవిడవి. ఎవరి కత్తెర వారిది, ఎవరి టేపు వారిది. పెళ్ళైన కొత్తలో ఆవిడ ఒకసారి ఆయన కత్తెరతో కాగితం కత్తిరించింది. ఆ గొడవ మూడు రోజులు సాగింది. ఆ తర్వాత ఒకరి పనిముట్టు ఒకరు ముట్టుకున్నది లేదు. ఆయన టేపు కొట్టు తెరిచిన రోజు కొన్నది. స్నానానికి తప్ప మెడలోంచి తీయడు. ఆవిడ టేపులు గుడ్డపీలికల్లో పడి మాయమవుతుంటాయి కాబట్టి ఏడాదికొకటి కొత్తది కొంటుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం వడ్రంగి వీధి తలుపు మోసుకొచ్చాడు. మంచి చెక్క, నున్నటి చిత్రిక. తీరా ద్వారబంధంలో నిలబెడితే పక్కనా పైనా వెలుతురు పట్టీలుగా కనిపించింది.

"ఏంటయ్యా ఇది? పిల్లి దూరేంత సందు వదిలావు?" అంది టైలరు భార్య.

"నేను వదల్లేదమ్మా. మీ ఆయన రాసిచ్చిన కాగితం ఇదిగో." వడ్రంగి ఇనప టేపు చర్రున లాగి తలుపు కొలిచి చూపించాడు. ముప్పై అయిదు, డెబ్భై ఎనిమిది. అక్షరం పొల్లుపోలేదు.

ఆవిడ తన టేపు తీసి గుమ్మం కొలిచింది. ముప్పై ఆరు, ఎనభై.

"అంటే కాగితం రాసిన తర్వాత మీ గుమ్మం పెరిగిందన్నమాట," అన్నాడు వడ్రంగి వెటకారంగా. తలుపు మళ్ళీ భుజానికెత్తుకుని, పక్కలకు చెక్క పట్టీ అతికి తెస్తానని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర భార్య ఈ సంగతి చెప్పింది.

"ముప్పై ఆరుందండీ. నేను కళ్ళతో చూశాను."

"నేను ముక్కుతో చూశానా? ముప్పై అయిదు."

మర్నాడు పొద్దున్న ఆయన మళ్ళీ కొలిచాడు. ముప్పై అయిదే. సాయంత్రం ఆవిడ కొలిచింది. ముప్పై ఆరే. మూడో రోజూ అంతే, నాలుగో రోజూ అంతే. ఇద్దరిలో ఒకరు తప్పు కొలుస్తున్నారని ఎవరికైనా తోస్తుంది. వాళ్ళకు తోచలేదు. కొలతలో తప్పు వచ్చిందని ఒప్పుకోవడం ఆ ఇంట్లో పెద్ద మాట. దానికన్నా గుమ్మం కదులుతోందనుకోవడం తేలిక, మర్యాద కూడా.

ఆదివారం ఇద్దరూ కలిసి వెళ్ళారు. పొద్దున్న ఆయన టేపు పెట్టాడు. అంకె మీద ఆవిడ వేలు ఆనించి చూసింది. ముప్పై అయిదు. సాయంత్రం దాకా అక్కడే ఉండి తేల్చుకుందామని కూర్చున్నారు. కుర్చీలు తిప్పబోతే బరువుకు కదల్లేదు. సరే కదా అని గోడకేసి తిరిగే కూర్చున్నారు. పని చేసేవాళ్ళు లేని రోజు. సందులో కూడా అలికిడి లేదు. కాసేపటికి ఆవిడ మెల్లగా ఆయన మోచేతి మీద చెయ్యి వేసింది.

"ఏమండీ, కాస్త ఊపిరి బిగబట్టండి."

"ఎందుకూ?"

"బిగబట్టండి, చెప్తాను."

ఆయన బిగబట్టాడు. ఆవిడా బిగబట్టింది. గదిలో ఊపిరి చప్పుడు మాత్రం ఆగలేదు.

అది పెద్ద చప్పుడేం కాదు. పక్క మంచం మీద ఆదమరచి నిద్రపోయే మనిషిది ఎలా ఉంటుందో అలా ఉంది. లోపలికి నెమ్మదిగా, బయటికి ఇంకా నెమ్మదిగా. పడమటి గోడలోంచి వస్తోంది. మునుపటివాళ్ళు కుర్చీలు ఇటు ఎందుకు తిప్పుకున్నారో అప్పుడు ఇద్దరికీ అర్థమైంది. అయినా లేవలేదు. లేస్తే అది వింటుందేమోనని భయం. సాయంత్రం దాకా అలాగే కూర్చుని, వెలుతురు తగ్గుతుండగా ఆవిడ గుమ్మం కొలిచింది. ఆయన కళ్ళారా చూశాడు. ముప్పై ఆరు.

"పొద్దున్న ఊపిరి వదిలి ఉంటుంది, సాయంత్రానికి పీల్చుకుని ఉబ్బుతోంది," అన్నాడు టైలరు. గోడలకు చెవులుంటాయని విన్నాం గానీ, ఊపిరితిత్తులుంటాయని ఎవరూ చెప్పలేదు.

ప్లాను ఈ మాట విని ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ప్లాను ఏంటంటే బావా, ఇలాంటప్పుడు సగటు తీసుకోవాలి. కిటికీలకు నీ కొలత, అక్క కొలత కలిపి సగం చేసి రాసిద్దాం. ఇక ఆ చప్పుడంటావా, అది పాత నీళ్ళ గొట్టాల్లో గాలి. గొట్టాలు పీకించేస్తే సరి."

గొట్టాలన్నీ పీకించారు. ఊపిరి ఆగలేదు సరికదా, జలుబు తగ్గినట్టు ఇంకా తేటగా వినిపించసాగింది.

కిటికీ రెక్కలు సగటు కొలతతో వచ్చాయి. అవి పొద్దున్నా సరిపోలేదు, సాయంత్రమూ సరిపోలేదు. అరంగుళం చిన్నవి కావడంతో గాలి వీస్తే చాలు, లోపలినుంచి ఎవరో తట్టినట్టు టకటకలాడుతున్నాయి. సందులో నడిచేవాళ్ళు ఆ ఇల్లు రాగానే అవతలి వైపుకు దాటుతున్నారు.

అంతలో నేల పలకల వంతు వచ్చింది. వెనక గది పొడవు టైలరు ఒక పొద్దున్న కొలిచి చెప్పినది. అంతకు సరిగ్గా పలకలు కోయించి తెచ్చారు. మేస్త్రి ఒక గోడ దగ్గర మొదలుపెట్టి పరుచుకుంటూ పోయాడు. అవతలి గోడ దగ్గరికి వచ్చేసరికి పలకలైపోయాయి, నేల మాత్రం ఇంకా మూడంగుళాలు మిగిలింది. మేస్త్రి తాపీ కింద పెట్టి ఆ మట్టి పట్టీని చాలాసేపు చూశాడు.

"పొద్దున్న మొదలెట్టినప్పుడు సరిపోయేట్టే ఉందమ్మా," అన్నాడు టైలరు భార్యతో. "అన్నం తినొచ్చేసరికి గోడ వెనక్కి జరిగింది."

"నువ్వు సరిగ్గా చూశావా?"

"నా చేతికింద ఎన్ని గోడలు లేచాయో నాకే లెక్క తెలీదు. నించున్న చోటినుంచి జరిగిన గోడను ఇదే చూడటం."

ఆ రోజు నుంచి మేస్త్రి లోపలికి రానన్నాడు. కూలి తీసుకుంటున్నందుకు బయటి గోడకు మాత్రం పూత వేస్తానన్నాడు. వేస్తూ వేస్తూ గోడతో మాట్లాడటం మొదలుపెట్టాడు. "ఇదిగో తల్లీ, వీపు మీద చల్లగా తగులుద్ది, ఉలిక్కిపడకు," అని చెప్పి మరీ తాపీ ఆనించేవాడు. నవ్వొచ్చే మాటే. కానీ విన్నవాళ్ళెవరూ నవ్వలేదు.

సరిగ్గా ఆ సమయంలోనే ప్లాను ఇల్లు చూపించడానికి ఒక కొత్త జంటను తీసుకొచ్చాడు. లోపల కిటికీలు టకటకమంటున్నాయి. పడమటి గోడ తన మానాన తను ఊపిరి తీసుకుంటోంది. బయట మేస్త్రి గొంతు తగ్గించి ఎవరినో బుజ్జగిస్తున్నాడు.

"బయట ఎవరితో మాట్లాడుతున్నారండీ?" అనడిగింది ఆ అమ్మాయి.

టైలరు భార్యకు అబద్ధం అలవాటు లేదు. "ఇంటితోనమ్మా," అంది.

కొత్త జంట గడప దాటేటప్పుడు చెప్పులు వేసుకోవడానికి కూడా ఆగలేదు, చేత్తో పట్టుకుని నడిచారు. ఆ తర్వాత ఇల్లు చూడటానికి ఎవరూ రాలేదు. కథ మాత్రం ఊరంతా తిరిగింది.

డిసెంబరు వచ్చింది. ఒక మధ్యాహ్నం ఫోన్లు అమ్మేవాడు కొట్టులోకి వచ్చి, టైలరు చొక్కా కుడుతుండగానే మిషను పక్కనుంచి దూరి, గోడలు కొలుచుకుని పోయాడు. అద్దం ఎక్కడ పెట్టాలో, దీపాలు ఎక్కడ రావాలో వేలితో గాల్లో గీసుకున్నాడు. టైలరు పాదం మిషను మీద ఆగిపోయింది. మనిషి చనిపోకముందే పాడెకు కొలతలు తీసుకుంటే ఎలా ఉంటుందో అలా అనిపించిందతనికి. ఆ పూట ఇంటికొచ్చి అన్నం సగంలో వదిలేశాడు. భార్యకు సంగతి అర్థమైపోయింది.

అదుగో, అలాంటప్పుడు వచ్చింది నర్సమ్మ. ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరైన మనిషి. సన్నగా, నిటారుగా, తెల్లటి జడతో ఉంటుంది. చేతికి పెద్ద అంకెల గడియారం. ఇల్లంతా చూడలేదు. వంటిల్లు అడగలేదు. తిన్నగా వెళ్ళి పడమటి గోడకు చెవి ఆనించి, మణికట్టు ఎత్తి గడియారం చూస్తూ నిలబడింది. టైలరూ భార్యా ప్లానూ గుమ్మంలో బొమ్మల్లా ఉండిపోయారు. నిమిషం గడిచింది.

"పద్నాలుగు," అంది నర్సమ్మ చెవి తీసి. "పెద్దవాళ్ళకు పద్నాలుగంటే చక్కగా ఉన్నట్టే. గురక లేదు, ఆయాసం లేదు. ఆరోగ్యంగానే ఉంది."

"మీకు భయం లేదా అమ్మా?" అనడిగాడు టైలరు.

"ఊపిరి ఆగితే భయపడాలి గానీ ఆడుతుంటే భయమేంటి నాయనా? ముప్పై నాలుగేళ్ళు పక్కన ఎవరో ఒకరు ఊపిరి తీస్తుంటే వింటూ కూర్చున్నదాన్ని. రిటైరయ్యాక నా ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. నిద్ర పట్టడం లేదు." ఆవిడ గోడను అరచేత్తో ఒకసారి నిమిరింది. "పొద్దున్న తగ్గి సాయంత్రం పెరుగుతుందటగా? మంచిదే. మంచాన పడ్డ ప్రాణం కాదన్నమాట. సోమవారం బయానా తెస్తాను."

ఆవిడ సందు మలుపు తిరిగేదాకా ఆగి ప్లాను ఎగిరి గంతేశాడు. టైలరు భార్య ఆ నాలుగు కుర్చీల్లో ఒకదాంట్లో కూలబడి, చాలా రోజుల తర్వాత కడుపారా ఏడ్చింది. కొట్టు దక్కింది.

శనివారం పొద్దున్న టైలరు ఇంటిని ముస్తాబు చేద్దామని బయల్దేరాడు. వంటింటి తలుపు వెనక ద్వారబంధం మీద పెచ్చులూడిన రంగు గీకుతుంటే కింద పెన్సిలు గీతలు బయటపడ్డాయి. ఒకదాని మీద ఒకటి, పక్కనే అంకెలు. ముప్పై ఒకటి, ముప్పై నాలుగు, ముప్పై ఏడు, నలభై, నలభై రెండు. ఎవరో తమ పాపనో బాబునో నిలబెట్టి ఎత్తు గీసుకున్నారు. నలభై రెండు తర్వాత గీత లేదు. ఆ పిల్ల అక్కడితో ఆగిపోయినట్టుంది.

టైలరుకు చేతులు ఊరుకోవు కదా. టేపు తీసి నేలనుంచి పై గీత దాకా పట్టాడు. నలభై ఒకటి. మళ్ళీ పట్టాడు. నలభై ఒకటే. అరికాళ్ళు చల్లబడ్డాయి. గుమ్మం పెరిగిందీ తగ్గిందీ అంటే ఇల్లు, దాని ఇష్టం. కానీ గీసినవాడు రాసిపెట్టిన అంకె ఇది. అయితే పిల్లే ఒక అంగుళం తగ్గిందా? లేక నేల ఒక అంగుళం పైకొచ్చి, పాదాలనుంచి మింగడం మొదలుపెట్టిందా? అతను తన పాదాల వైపు చూసుకున్నాడు. గీకుడు కత్తి అక్కడే పారేసి బయటికొచ్చాడు. ఆ రోజు కొట్టుకు కూడా వెళ్ళలేదు. ఇంటికెళ్ళి దుప్పటి కప్పుకుని పడుకున్నాడు, ఒళ్ళు కాలిపోతోంది.

అతని పలవరింతల్లోంచి విషయం లాక్కుని టైలరు భార్య ఒంటరిగా ఆ ఇంటికి వెళ్ళింది. భయం లేక కాదు. సోమవారం దగ్గరపడింది కాబట్టి. వంటింటి తలుపు వెనక మోకాళ్ళ మీద కూర్చుని తన టేపు పెట్టింది. ముప్పై ఒకటి సరిగ్గా ముప్పై ఒకటి. ముప్పై ఏడు సరిగ్గా ముప్పై ఏడు. నలభై రెండు సరిగ్గా నలభై రెండు. పదేళ్ళ కింద ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు గీసిన గీత తన కొలతతో కలిసింది, తాళి కట్టినవాడి కొలతతో కలవలేదు. ఆవిడ అక్కడే కూర్చుని కాసేపు ఆలోచించింది. లేచేటప్పటికి ఆవిడకు భయం పోయింది. దాని బదులు జాలి పట్టుకుంది.

ఇంటికి వచ్చి, పెళ్ళైన ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి, నిద్రపోతున్న భర్త మెడలోంచి టేపు తీసింది. నేల మీద పరిచి పక్కనే తనది పరిచింది. మొదళ్ళు రెండూ ఒకచోట పెట్టి ఇస్త్రీపెట్టె బరువు ఆనించింది. అరవై దగ్గరికి వచ్చేసరికి ఆయన టేపు ఒకటిన్నర అంగుళం ముందుకు పోయి పడుకుంది. రోజూ లాగి లాగి కొలిచిన బట్ట టేపు, ఇరవై ఆరేళ్ళలో అంతకంతకు సాగింది. సాగిన టేపు మీద ముప్పై ఆరు అంగుళాల గుమ్మం ముప్పై అయిదుగానే కనిపిస్తుంది.

"నా టేపు ముట్టుకున్నావా?" అన్నాడాయన కళ్ళు తెరిచి.

"ముట్టుకున్నాను. ఇలా వచ్చి కూర్చోండి."

ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు. జ్వరం దిగిపోయింది గానీ మొహం ఇంకా పాలిపోయింది.

"అయితే నేను ఇన్నాళ్ళూ కుట్టినవన్నీ తప్పేనా?"

"మీ చొక్కా బిగుతైందని ఎవరైనా వెనక్కి తెచ్చారా?"

"లేదు."

"ఎలా తెస్తారు? ఒంటినీ దీంతోనే కొలిచారు, గుడ్డనూ దీంతోనే కత్తిరించారు. రెండు చోట్లా ఒకటే తేడా. అంకె రాసి వడ్రంగి చేతిలో పెట్టినప్పుడే వచ్చింది చిక్కంతా."

ఆయన టేపును వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. దెయ్యమున్నా బాగుండేదనిపించింది. దెయ్యానికి భయపడితే ఊరు జాలిపడుతుంది. టైలరుకు కొలత రాదంటే ఎవరు జాలిపడతారు? ఆయన సిగ్గుతో ముడుచుకుపోవడం చూసి భార్య వచ్చి పక్కన కూర్చుంది. చివరికి ఆయనే తలెత్తాడు.

"నర్సమ్మకు చెప్పాలి."

సోమవారం పొద్దున్న ఈ మాట విన్న ప్లాను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "బావా, నీకు దండం పెడతాను. పెరిగే ఇల్లని కొంటోంది ఆవిడ. పెరగదని చెప్తే పోతుంది. ప్లాను ఏంటంటే, ఆవిడ సంతకం పెట్టేదాకా నువ్వు దగ్గుతూ ఉండు, మాట్లాడకు."

"తప్పు నాది. దాన్ని ఇంటి మీద పెట్టి అమ్మలేను రా," అన్నాడు టైలరు.

"కొట్టు పోతుంది బావా!"

"తెలుసు," అన్నాడు టైలరు. ఆ ఒక్క మాట అనడానికి అతనికి చాలా కష్టమైంది.

నర్సమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో చేతిసంచి. టైలరు రెండు టేపులూ ఆవిడ ముందు పరిచి, గుమ్మం సంగతి, పలకల సంగతి, పెన్సిలు గీతల సంగతి ఒక్కటి కూడా దాచకుండా చెప్పాడు. చెప్తున్నంతసేపూ ప్లాను వెనకనుంచి అతని చొక్కా పట్టుకుని లాగుతూనే ఉన్నాడు.

"అంటే ఇల్లు పెరగదా?" అంది నర్సమ్మ.

"పెరగదమ్మా."

"తగ్గదా?"

"తగ్గదు. నా టేపే సాగింది."

నర్సమ్మ మొహం వాడిపోయింది. సంచి పట్టుకుని లేచింది. టైలరు భార్య కళ్ళు మూసుకుంది. ఇంకేముంది, అద్దాలు, దీపాలు, ఫోన్లు. అడుగుల చప్పుడు గుమ్మం వైపు వెళ్ళినట్టే వెళ్ళి ఆగింది. కళ్ళు తెరిచి చూస్తే నర్సమ్మ పడమటి గోడకు చెవి ఆనించి, మణికట్టు ఎత్తి ఉంది. ఎవరూ కదల్లేదు. బయట మేస్త్రి కూడా తాపీ ఆపాడు. నిమిషమంటే ఎంతసేపో ఆ ముగ్గురికీ ఆ రోజు తెలిసింది.

"పద్నాలుగే," అంది నర్సమ్మ. "నీ టేపు సాగితే సాగింది నాయనా. నా గడియారం సరిగ్గానే ఉంది."

సంచి తెరిచి బయానా తీసి కుర్చీ మీద పెట్టింది.

చిన్నబోయిన తలుపులకూ కిటికీలకూ వడ్రంగి చుట్టూ పట్టీలు అతికాడు. పలకలు లేని చోట నల్లరాతి అంచు వేశారు. చూసినవాళ్ళు అదేదో కొత్త పద్ధతి అనుకున్నారు. డిసెంబరు ఇరవై తొమ్మిదిన కొట్టు గది టైలరు దంపతుల పేరు మీదికి వచ్చింది. ఆ రోజు ఆయన కొత్త టేపు కొనుక్కున్నాడు, భార్య కొనే దుకాణంలోనే. ప్లాను ఇంకో తరగతిలో చేరాడు. ఈసారి నాలుగు రోజులది.

రెండు నెలల తర్వాత నర్సమ్మ కిటికీ తెరలు కుట్టించుకోవడానికి కొట్టుకు వచ్చింది. ఒళ్ళు చేసింది, కళ్ళ కింద నలుపు పోయింది.

"నిద్ర పడుతోందా అమ్మా?" అనడిగింది టైలరు భార్య.

"హాయిగా. మొన్న చలికి కాస్త ఆయాసపడింది. కిటికీ మూసి పక్కన కూర్చున్నాను, సర్దుకుంది." సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "ఇవిగో కొలతలు. మీ టేపుల గొడవ తెలుసు కాబట్టి వడ్రంగి దగ్గర ఇనప టేపు అడిగి తెచ్చుకున్నాను. పొద్దున్న నలభై ఎనిమిది, సాయంత్రం నలభై ఎనిమిదిన్నర. వారం రోజులు వరసగా చూసి రాశాను. రెండిట్లో ఏది తీసుకుంటారో మీ ఇష్టం."

భార్య భర్త వైపు చూసింది. టైలరు ఆ కాగితం వైపు చూశాడు. తర్వాత కత్తెర అందుకుని, ఎదిగే పిల్లల బట్టలకు వదిలినట్టు, అంచుల్లో రెండంగుళాల గుడ్డ లోపలికి మడిచి వదిలిపెట్టాడు.